తాళం వేసిన ఇంట్లో టీవీ

ఇటు జరగండి, ఇంకొంచెం దగ్గరికి. చేతుల్లో ఫోనులుంటే బోర్లించి పక్కన పెట్టండి. నాకు చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగిపోయింది కానీ, విన్న మాట, చూసిన అంకె నా తలలోంచి పోవు. అందుకని మొదటి నుంచి వరుసగా చెప్తాను. మధ్యలో లేవకుండా వినండి.

నేను సూరత్‌లో పద్నాలుగేళ్ళు ఒక కేబుల్ ఆఫీసులో పనిచేశాను. పర్వత్ పాటియా దాటి లోపలికి వెళ్తే మన సాంచాల వాళ్ళ గల్లీలు వస్తాయి. సాంచాలంటే మరమగ్గాలు. మా ఆయనా సాంచాలే నడిపేవాడు. ఒకసారి మా టీవీ బందైతే ఫిర్యాదు చెప్పడానికి ఆఫీసుకు పోయాను. మా ఇంటి బాక్సు నెంబరు చెప్పి ఊరుకోక, మా వరుసలో ఇరవై రెండు ఇళ్ళ నెంబర్లూ నోటితో అప్పజెప్పాను. ఆ ఆఫీసు యజమాని, మా శేఠ్, కుర్చీలో వెనక్కి ఆనుకుని నన్ను చూశాడు. మరుసటి సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. ఫోను ఎత్తడం, ఫిర్యాదులు వినడం, తెలుగు గల్లీల్లో తిరిగి ఎవరికి ఏ ప్యాకేజీ కావాలో, ఎవరికి వద్దో తెలుసుకుని రావడం. ఇదీ నా ఉద్యోగం.

శేఠ్ కాఠియావాడ్ మనిషి. నన్ను బేన్ అనేవాడు, గుజరాతీలో అక్కా అన్నట్టు. ఆయన గురించి ఒక్క మాట ముందే చెప్పాలి, ఎందుకంటే అది తరవాత అవసరమవుతుంది. ఆయన అబద్ధం ఆడడు. వానకు లైను తెగితే మిగతా కేబుల్ వాళ్ళందరూ "పది నిమిషాల్లో వస్తుంది" అంటారు. మా శేఠ్ మాత్రం "ఎప్పుడొస్తుందో నాకు తెలియదు" అని ఫోను పెట్టేసేవాడు. దానికి జనం తిట్టేవాళ్ళు. కానీ కేబుల్ మార్చేవాళ్ళు కాదు.

ఇంకో మనిషి మా లైన్‌మన్. మన కరీంనగర్ వైపు వాడే. స్తంభాల మీద కాకి కంటే తేలికగా తిరిగేవాడు. నన్ను అక్కా అంటూనే ఆటపట్టించేవాడు.

కరోనా వచ్చి సాంచాలు ఆగిన తరవాత ఆ ఆఫీసు కుర్చీలో కూర్చుని చూస్తే ఊరి కష్టం టీవీలోనే కనిపించేది. ఎవరి ఇంట్లో ఎంత ఇబ్బంది ఉందో నేను అడగనక్కర్లేదు. ఏ చానళ్ళు వద్దంటున్నారో వింటే చాలు. మొదట ఆటల ప్యాకేజీ పోతుంది. తరవాత ఇంగ్లీషు, ఆ తరవాత సినిమాలు. పిల్లల బొమ్మలు తీసేయమన్నారంటే ఆ ఇంట్లో పిల్లలకు నచ్చజెప్పే దశ కూడా దాటిపోయిందని అర్థం. ఆడవాళ్ళ సీరియళ్ళు చివరిదాకా ఉంటాయి. అవి కూడా తీసేయమని ఆడమనిషే ఫోను చేసిందంటే, ఆ పూట నేను అన్నం సగమే తినేదాన్ని.

ఇక ఫోనుల సంగతి. అప్పట్లో అందరూ ఫోనులో సినిమాలు వచ్చాక కేబుల్ పని అయిపోయిందన్నారు. మా లైన్‌మన్‌కు వరాఛా వైపు కూడా పని ఉండేది. అక్కడ వజ్రాలు సానబట్టే వాళ్ళ సొసైటీల్లో బాక్సులు తిరిగిచ్చి ఫోను యాప్‌లు ఉంచుకున్నారట. మా గల్లీల్లో అంతా తలకిందులు. ఒక గదిలో ఉండే పదకొండు మంది సాంచా పనివాళ్ళు కలిసి ఒకే యాప్ కట్టుకున్నారు. దాని పాస్‌వర్డ్ తెలిసినవాడు రైలెక్కి ఊరికి పోయాడు, పోయి దాన్ని మార్చేశాడు. మిగతా పదిమంది మా దగ్గరికి వచ్చి బాక్సు పెట్టించుకున్నారు.

"ఫోను ఒక్కని మొకం సూస్తదక్కా. టీవీ ఇల్లంత జూస్తది," అన్నాడు వాళ్ళలో ఒకడు. ఇల్లే కదా మిగిలింది అప్పుడు. అందుకే యాప్‌లు పోయాయి, బాక్సులు ఉన్నాయి.

అయితే బాక్సు నడవాలంటే ప్రతి బాక్సుకూ శేఠ్ పైవాళ్ళకు ముందే కట్టాలి. జనం ఇచ్చినా ఇవ్వకున్నా కట్టాల్సిందే. మొదటి నెలలన్నీ ఆయన ఒక్క ఇల్లూ ఆపలేదు. "ఇంట్లో కూర్చోమని సర్కారే చెప్పింది. కూర్చున్నవాళ్ళ టీవీ నేనెలా ఆపను?" అన్నాడు. ఆఫీసులో ఏసీ అమ్మేశాడు, స్కూటరు అమ్మేశాడు. దసరా దాటాక ఒకరోజు నన్ను పిలిచి, "బేన్, ఇంట్లో ఉన్నవాళ్ళ జోలికి పోవద్దు. కానీ తాళాలు వేసి ఊళ్ళకు పోయిన ఇళ్ళకు కూడా నేను కడుతున్నాను. అవి ఏవో చూసి లిస్టు తీసుకురా," అన్నాడు. నిజానికి అందులో తప్పేమీ లేదు.

మన నేత వాళ్ళలో, ఆ గల్లీల్లో, ఒక అలవాటు ఉండేది. ఇల్లు మూసి ఊరికి పోయేటప్పుడు తాళానికి పసుపు రాసిన నూలుపోగు కట్టి పోతారు. మళ్ళీ వచ్చి ఈ తలుపు తీస్తాం అని ఇంటికి మాటిచ్చినట్టు. ఊరికే బజారుకు పోతే కట్టరు, ఊరికి పోతేనే కడతారు. కాబట్టి నా పని సులువు. పోగున్న తాళం కనబడితే బాక్సు నెంబరు మనసులో వేసుకోవడమే. ఆ వారమంతా అలా తిరిగాను. అప్పటికి చాలామంది ఊళ్ళ నుంచి తిరిగొచ్చారు కాబట్టి తాళాలు పెద్దగా లేవు.

ఒక వరుసలో మాత్రం ఒక వింత చూశాను. పొద్దున పది గంటలకు పోతే, ఆరు ఇళ్ళలో ఆరు టీవీలూ మన తెలంగాణ పాఠాల చానలే పెట్టుకుని ఉన్నాయి. అది కూడా గల్లీ మొగదాకా వినబడేంత గట్టిగా. బడులు మూసేశారని అక్కడి పిల్లలకు టీవీలో పాఠాలు చెప్పేవాళ్ళు. మన వాళ్ళు అడిగితే శేఠే ఆ చానల్ తెప్పించాడు. కానీ ఆ ఆరిళ్ళలో నాలుగిళ్ళకు పిల్లలే లేరు. ఒక ఇంట్లో డెబ్బై ఏళ్ళ అవ్వ గడపలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తూ పదో తరగతి లెక్కలు చూస్తోంది.

"ఏందవ్వా, గిప్పుడు లెక్కలు నేర్సుకుంటున్నవా?" అన్నాను.

"నేర్సుకోవాలె గద బిడ్డా. పైకి పోయినంక ఆడ లెక్క జెప్పమంటడు."

"జర సౌండ్ తగ్గియ్యి. చెవులు పోతయి."

"నా చెవులు ఎప్పుడో పాయె. నీయి కాపాడుకో, పో."

నవ్వుకుంటూ ముందుకు వెళ్ళాను. అవ్వ ఇంటి పక్క గదికి తాళం ఉంది, తాళానికి పసుపు పోగు ఉంది. ఆ ఇంటి బాక్సు చివరి అంకెలు నాలుగు, ఏడు, సున్నా, రెండు. మనసులో వేసుకున్నాను. ఆ గదిలో ఉండేది భార్యాభర్తా, ముసలి తల్లీ, ఒక ఆడపిల్లా. పిల్ల ఊళ్ళో హాస్టల్లో చదివేది, హాస్టలు మూసేస్తే తల్లిదండ్రుల దగ్గరికి వచ్చింది. అందరూ కలిసి ఊరికి పోయి ఉంటారనుకున్నాను.

లిస్టు చెప్పాను, శేఠ్ రాసుకున్నాడు. ఒక కాగితం ఆఫీసు గోడకు అంటించాడు. సాయంత్రానికి ఆ బాక్సులన్నీ కంప్యూటర్లోంచే ఆగిపోయాయి. ఒక్క నెంబరు కూడా తప్పు పోలేదని ఇంటికి పోయి మా ఆయనతో గొప్పలు చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున పదిన్నరకు ఆఫీసు ఫోను మోగింది. ఆడపిల్ల గొంతు, గుసగుసగా ఉంది.

"ఆంటీ, టీవీ వస్తలేదు."

"బాక్సు నెంబరు జెప్పు బిడ్డా. సివరి నాలుగు సాలు."

"నాలుగు, ఏడు, సున్నా, రెండు."

అది తాళం వేసిన ఇల్లు. "నువ్వు ఊరి నుంచి మాట్లాడుతున్నవా?" అని అడిగాను. అటువైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాంట్లో, వెనకాల ఎక్కడో, గట్టిగా, అవ్వ ఇంటి టీవీలో పాఠం చెప్పే సారు గొంతు వినబడింది. పిల్ల ఫోను పెట్టేసింది.

నేను చెప్పులు వేసుకుని నడిచాను. వరుసలో ఆరు టీవీలూ నిన్నటికంటే గట్టిగా మోగుతున్నాయి. అవ్వ ఈసారి గడపలో లేదు. లోపల, పక్క గదికి ఆనుకున్న గోడ దగ్గర నేల మీద కూర్చుని, టీవీ వంక చూస్తూ గోడకు చెప్తోంది.

"సమోస గీసిండు బిడ్డా. సమోస నెత్తి మీద ఒక అక్షరం బెట్టిండు. గిప్పుడు సమోస నడుముకు అడ్డంగ గీత గొడుతున్నడు."

గోడ అవతల నుంచి ఏదో మాట వచ్చింది.

"ఏ అక్షరమో నాకేం ఎరుక. నిచ్చెన లెక్క ఉన్నది."

గడపలో నన్ను చూసి అవ్వ నోరు మూసింది. బయట పక్కింటి ఆడవాళ్ళు కొందరు చేరారు. వాళ్ళంతా నాకు తెలిసినవాళ్ళే. వాళ్ళ పిల్లల నామకరణాలకు నేను పాయసం వండాను. ఆ పూట మాత్రం నన్ను పోలీసును చూసినట్టు చూశారు.

నాకు విషయం చెప్పింది లైన్‌మన్. వైరు చుట్ట భుజాన వేసుకుని అటే వచ్చి, నన్ను గల్లీ మలుపు దాకా నడిపించుకుపోయాడు.

ఆ గదులన్నీ మా శేఠ్ పెద్దన్నవి. ఆయన వేరు, శేఠ్ వేరు. అద్దె ఆగితే గది ఖాళీ చేయించే మనిషి ఆయన. నలుగురున్న ఆ ఇంటాయనకు సగం రోజులే పని. గది ఖాళీ చేయమంటే పోవడానికి ఊళ్ళో ఇల్లు లేదు. ఊరికి పోయిన వాళ్ళ గదిని మాత్రం, సామాను లోపలుంది, తిరిగొచ్చి కడతారు అని పెద్దన్న కదిలించడు. అందుకని ముందు వైపు తాళం వేసి, పసుపు పోగు కట్టి, నలుగురూ లోపలే ఉండిపోయారు. వెనక కిటికీ ఊచలు రెండు తీసి, తెల్లారకముందే తండ్రి పనికి పోతాడు. పగలు ఇంకెవరూ బయటికి రాలేరు, ఎందుకంటే ఆ కిటికీ ఎదురుగా పెద్దన్న డాబా ఉంది.

పిల్లది పదో తరగతి. ఇంట్లో ఉన్నది మీటల ఫోను. పాఠాలకు టీవీ ఒక్కటే దిక్కు. టీవీ పెడితే చప్పుడు బయటికి వస్తుంది కదా? అందుకే పాఠం వేళకు వరుస మొత్తం అదే చానల్ పెట్టి గట్టిగా మోగించేది. ఆరిళ్ళ మోతలో ఏడో ఇంటి మోత ఎవరికి తెలుస్తుంది? నేను బాక్సు ఆపించాక, ఇప్పుడు గోడ అవతల పిల్లకు వినబడాలని ఇంకా పెంచారు. వినబడుతుంది సరే, బొమ్మ కనబడదు. బొమ్మల పని అవ్వ తీసుకుంది.

"అందరికి ఎరుకేనా?" అన్నాను.

"అందరికి."

"నాకెందుకు జెప్పలే?"

అతను వైరు చుట్ట ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నువ్వు ఆఫీసు మనిషివి గదక్కా."

"నువ్వు గాదా?"

"నేను స్తంభం మనిషిని. పైకెక్కినోనికి అన్ని కనబడతయి. అన్ని జెప్పుకుంట పోతే ఏ గల్లీల నిచ్చెన ఎయ్యనియ్యరు."

పద్నాలుగేళ్ళలో నన్ను ఎవరూ కొట్టలేదు. ఆ మాటే దెబ్బ. పసుపు పోగు అంటే ఏమిటో ఆ ఊళ్ళో మా వాళ్ళకూ, మా వాళ్ళకు గదులిచ్చిన పెద్దన్నకూ తప్ప ఎవరికీ తెలియదు. మా వాళ్ళు అబద్ధమాడవలసి వచ్చినప్పుడు ఆ పోగునే వాడుకుంటారని తెలుసుకోవలసింది కూడా నేనే. కానీ నేను తాళం చదివాను, పోగు చదివాను, ఆ తలుపు పక్కనే ఆరు టీవీలు అరుస్తుంటే ఎందుకని అడగలేదు.

రేపు శేఠ్ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పి బాక్సు వేయించాలనుకున్నాను. మర్నాడు శనివారం. నేను ఆఫీసుకు పోయేసరికి పెద్దన్న అక్కడే కూర్చుని ఉన్నాడు. గోడ మీద నా లిస్టు ముందు నిలబడి వేలితో ఒక్కొక్క నెంబరే చూసుకుంటూ వస్తున్నాడు. ఆయన గదులకు ఏ బాక్సులున్నాయో ఆయనకూ తెలుసు.

"నిన్ననే చూశాను. ఇది నా గదే," అన్నాడు వాళ్ళ హిందీలో, ఆ నాలుగంకెల మీద వేలు పెట్టి. "టీవీ కూడా ఆపించుకున్నారంటే వీళ్ళు ఇక రారు. తాళం పగలగొట్టేవాణ్ణి పదకొండు గంటలకు రమ్మన్నాను. సామాను బయట పెట్టించి సోమవారం వేరేవాళ్ళకిస్తాను."

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. పాఠం వేళ. ఆ గదిలో ఒక ముసలామె, ఒక తల్లి, గోడకు చెవి ఆనించి ఒక పిల్ల. తాళం పగిలితే ఎదురుగా కనబడేది ఖాళీ గది కాదు, వాళ్ళు ముగ్గురూ. ఆ సాయంత్రానికి సామానుతో సహా గల్లీలో ఉంటారు. దానికి సాక్ష్యం నా లిస్టు.

నా నోరు నాకంటే ముందు కదిలింది. "శేఠ్, లిస్టులో ఒక తప్పుంది. ఆ ఇంటివాళ్ళు ఊరి నుంచి కట్టారు. నేను మరిచిపోయాను."

శేఠ్ తల ఎత్తాడు. ఏళ్ళ తరబడి నన్ను చూస్తున్న మనిషి. నేను మరిచిపోనని ఆయనకు తెలిసినంత మా ఆయనకు కూడా తెలియదు. కట్టిన ప్రతి పైసా ఆయన ఫోనులోకే వస్తుంది, రాలేదని కూడా ఆయనకు తెలుసు. నా ముఖం వంక చూశాడు. ఏమైందని అడగలేదు. లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి పెన్ను తీసి ఆ నెంబరు కొట్టేశాడు.

"తప్పు బేన్‌ది కాదు," అన్నాడు అన్నతో. "నాకు ఊరి నుంచి డబ్బులు వచ్చాయి. ఈమెకు చెప్పడం నేను మరిచిపోయాను. బాక్సు ఉంచుకున్నారంటే తిరిగొస్తారు. ఎవరైనా రాని ఇంటికి కడతారా?"

అబద్ధం ఆడని మనిషి మాట కాబట్టి అన్న నమ్మాడు. కాసేపు గొణిగి, తాళాల వాడికి ఫోను చేసి వద్దన్నాడు. ఆయన చెప్పకున్నా పరవాలేదు. ముందే వచ్చి గది ఎక్కడని గల్లీలో అడిగిన ఆ తాళాల వాణ్ణి మలుపు దగ్గర చాయ్ బండి మీద కూర్చోబెట్టి, మూడో చాయ్ తాగిస్తూ మా లైన్‌మన్ అప్పటికే అరగంట గడిపాడని నాకు తరవాత తెలిసింది.

అన్న వెళ్ళాక శేఠ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ బాక్సు వేశాడు. తెర మీంచి కళ్ళు తీయకుండా అడిగాడు.

"బేన్, లోపల ఎంతమంది?"

"నలుగురు, శేఠ్."

"చిన్నపిల్లలా?"

"ఒక ఆడపిల్ల. పదో తరగతి."

"ఇప్పుడు పాఠం వస్తుంటుందా?"

"వస్తుంటుంది."

"సరే," అన్నాడు. అంతే. ఆ ఇంటి మాట మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. ఆ బాక్సుకు ఆయనే కట్టాడు, నాకు తెలుసు. నా జీతంలోంచి పట్టుకోమంటే, వినబడనట్టు ఊరుకున్నాడు. గోడ మీద లిస్టు మాత్రం ఆ రోజుతో తీసేశాడు. మళ్ళీ ఎప్పుడూ అంటించలేదు.

ఆ మధ్యాహ్నం అవ్వ ఇంటికి పోయాను. సౌండ్ నిన్నటి అంత లేదు, మామూలు మోతే. అవ్వ బీడీ ఆకుతో గడపలో కూర్చుంది.

"సమోసలు జూసుడు తప్పినట్టేనా అవ్వా?" అన్నాను.

"తప్పింది. నాకే జర రంది అయితున్నది. గుండ్రంవి వచ్చె వారం సురువు జేస్తడట. గవి జెప్పుడు అల్కగ ఉంటుండె, పూరి అంటే అయిపాయె." నాకు చోటిస్తూ పక్కకు జరిగింది. "కూసో. నీల్గి నిలబడకు."

అలా నన్ను ఆ గడపలో మళ్ళీ కూర్చోనిచ్చారు.

చలికాలం గడిచేసరికి సాంచాలు పూర్తిగా తిరిగాయి. ఒకరోజు ఆ ఇంటి తాళం ఊడింది. నలుగురూ రైలు దిగి వచ్చినట్టు సంచులు పట్టుకుని ముందు గుమ్మంలోంచి లోపలికి పోయారు. గల్లీ అంతా బయట నిలబడి, "ఎప్పుడొచ్చిండ్రు, ఊరంత మంచిదేనా," అని అడిగింది. ఆగిన అద్దె నెలనెలా తీర్చారు. ఊరికి పోయినా మాట మీద నిలబడ్డారని పెద్దన్న ఇప్పటికీ అందరికీ వాళ్ళనే చూపించి చెప్తాడు.

ఇక పరీక్షల సంగతి అడుగుతారు మీరు. ఆ ఏడు మన దగ్గర పదో తరగతి పరీక్షలే పెట్టలేదు. రోగం మళ్ళీ పెరిగిందని అందరినీ పాస్ చేశారు. ఆ కబురు టీవీలో వచ్చినప్పుడు నేను అవ్వ ఇంట్లోనే ఉన్నాను. గోడకు ఆనించిన చెవి, సమోసలు, ఆరిళ్ళ మోత, శేఠ్ ఆడిన ఆ ఒక్క అబద్ధం, అన్నీ గుర్తొచ్చి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవ్వ మాత్రం చాలా శ్రద్ధగా వింది.

"అందర్ని పాస్ జేసిండ్రా?"

"అందర్ని, అవ్వా."

"అయితే నేను గూడ పాసే," అంది. ఆ రోజు గల్లీలో చక్కెర పంచింది.

పిల్ల ఇప్పుడు డిప్లొమా చదువుతోంది. మొన్న ఫోను చేసి, సున్నా రెండు ఆంటీ బాగున్నారా అని అడిగింది. నన్ను ఆ పేరుతోనే పిలుస్తుంది. శేఠ్ కేబుల్ అమ్మేసి వాళ్ళ ఊళ్ళో పత్తి వేస్తున్నాడు. గల్లీలో ఇప్పుడు ఎవరి ఫోనులో వాళ్ళే చూసుకుంటున్నారట, చెవుల్లో పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా. మంచిదే. కాలం అలా వచ్చింది. కానీ చప్పుడు బయటికి వచ్చే కాలంలో నేను పనిచేశాను కాబట్టి, మీకు ఒక్కటి చెప్పి లేస్తాను. ఏ పనిలో ఉన్నా, మీ చేతికి ఒక లిస్టు ఇస్తారు. అందులో ఏ ఇంటిని కొట్టేసే ముందైనా ఆ ఇంటి పక్కన ఒక్క నిమిషం నిలబడి వినండి.

ఇక ఫోనులు తీసుకోండి. మీ ఇంటికి లోపలి గడియే ఉండాలి, మీరు లోపలుండగా బయట తాళం పడే రోజు రాకూడదు. ఒకవేళ వచ్చినా, మీ పక్కింటి టీవీ గట్టిగా మోగాలి.